ఓరుగల్లు ఆటలు – చూసిన ఆడవాళ్లు



కళల చరిత్ర ఏ పుస్తకంలో చదివినా ఆడినవాళ్ల పేర్లుంటాయి, రాసినవాళ్ల పేర్లుంటాయి, ఈనాములిచ్చిన రాజుల పేర్లుంటాయి. ఎదురుగా కూర్చుని చూసినవాళ్ల మాట మాత్రం ఎక్కడో గాని కనబడదు. చూసేవాళ్లు లేకపోతే ఆట ఎక్కడిది చెప్పండి! అందులోనూ వానొచ్చినా, ఇంట్లో పని మిగిలినా, ఒకసారి చూసిందే అయినా మళ్లీ వెళ్లి అదే చోట కూర్చునేవాళ్లున్నారే, కళను మోసింది వాళ్లే. మన ఓరుగల్లు చరిత్రలో అలాంటి ప్రేక్షకుల సంగతి, ముఖ్యంగా మన ఆడవాళ్ల సంగతి, ఈవేళ నాలుగు మాటల్లో ముచ్చటించుకుందాం.

ఐరోపాలో ఆపెరా అనీ, బాలే అనీ రెండు ప్రదర్శనలున్నాయి. కథ మొత్తం పాటగా నడిస్తే ఆపెరా, మొత్తం నృత్యంగా నడిస్తే బాలే. మనవాళ్లు ఈ రెంటినీ విడదీయలేదు. పాటా, ఆటా, మాటా కలిపి యక్షగానమన్నారు. వాళ్ల ఆపెరాలో కథానాయిక నిలబడి మనసు విప్పి పాడే పాటను ఆరియా అంటారు. మన సత్యభామ తెర వెనకనుంచి వచ్చి తన గొప్ప తాను చెప్పుకునే ప్రవేశ దరువు కూడా దాదాపు ఆ పనే చేస్తుంది. తేడా ఏమిటంటే, మన సత్యభామ పాడుతూ అడుగు కూడా వేస్తుంది.

ఆపెరా మొదట్లో రాజుల మేడల్లో, పెద్దల ఇళ్లలో పిలిచినవాళ్లకు మాత్రమే చూపించేవారు. 1637లో వెనిస్ నగరంలో సాన్ కాసియానో అనే నాటకశాల తెరిచి, డబ్బిచ్చినవాళ్లెవరైనా రావచ్చు అన్నారు. మామూలు జనం ఆపెరాకు ప్రేక్షకులైంది అప్పటినుంచే. సరిగ్గా ఆ రోజుల్లో తంజావూరులో విజయరాఘవ నాయకుడు రాజ్యం చేస్తున్నాడు. ఆయన కొలువులో పసుపులేటి రంగాజమ్మ అనే విదుషి ‘మన్నారుదాస విలాసం’ యక్షగానంగా రాసింది. రాసింది ఆడదే! అయితే ఆ కొలువులోకి పిలుపు లేనివాళ్లకు ప్రవేశం ఎక్కడిది? ఊళ్లలో వీధి నాటకాలకు మాత్రం టిక్కెట్టూ లేదు, పిలుపూ లేదు. చాపో గోనెసంచో చంకన పెట్టుకుని ముందుగా వచ్చినవాళ్లదే ముందు చోటు.

భరతుడి మాట – మన జవాబు

ప్రేక్షకుడంటే ఎలా ఉండాలో భరతముని నాట్యశాస్త్రంలో రాసిపెట్టాడు. పాత్ర సంతోషిస్తే సంతోషించాలి, దుఃఖిస్తే దుఃఖించాలి, కోపమొస్తే కోపం తెచ్చుకోవాలి. అలాంటివాడే ప్రేక్షకుడన్నాడు. ఆట బాగా పండినప్పుడు జనం ఎట్లా నవ్వుతారో, ఎట్లా భళీ అంటారో, ఒళ్లు ఎట్లా పులకరిస్తుందో అన్నీ విడివిడిగా చెప్పాడు. వీటన్నిటికంటే గొప్ప విజయం ఏమిటంటే, రంగస్థలం నిండుగా జనం ఉండి కూడా చప్పుడు లేకపోవడమట. ఎంత చక్కటి పరిశీలన!

కాని అదే చోట ఇంకొక మాట కూడా అన్నాడు. ఎవరికేది ఇష్టమో చెబుతూ, పిల్లలూ, తెలివితక్కువవాళ్లూ, ఆడవాళ్లూ హాస్యానికీ వేషానికీ సంతోషిస్తారని ముగ్గుర్నీ ఒక్క గాట కట్టేశాడు. చదివినప్పుడు మనకు చురుక్కుమంటుంది. మహర్షి కదా అని ఊరుకోనక్కర్లేదు, ఆయన మాటతోనే ఆయనకు జవాబు చెప్పవచ్చు. అభినయం నాలుగు రకాలన్నది ఆయనే: ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం. ఆహార్యమంటే చీర, నగ, తలకట్టు, ముఖాన రంగు. పాత్రకు తగ్గ చీర కట్టిందా లేదా, విరహంలో ఉన్న నాయిక పెళ్లికూతురిలా నగలు దిగేసుకుందా అన్నది ఎవరికి ముందు కనబడుతుంది? చీర కట్టుకునేవాళ్లకే కదా! నాలుగు అభినయాల్లో ఒకటి మనకు బాగా తెలుసునని భరతుడే సాక్ష్యం చెప్పినట్టయింది. తక్కిన మూడూ తెలుసుకోకుండా ఆపిందెవరు అన్నదే అసలు ప్రశ్న.

కాకతీయుల కొలువులో

ఇక మన ఊరికి వద్దాం. గణపతిదేవ చక్రవర్తి గజసేనకు అధిపతి జాయప సేనాని. ఆయన చెల్లెళ్లు నారాంబ, పేరాంబ ఇద్దరూ చక్రవర్తి రాణులే. ఏనుగుల దళాన్ని నడిపిన ఈ సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ అనే గ్రంథం రాశాడు. మొత్తం ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు శాస్త్రం చెప్పే మార్గ పద్ధతికి, తరువాతి నాలుగు జనంలో ఉన్న దేశి పద్ధతికి. పేరిణి లాంటి దేశి నృత్తాలను ఇంత శ్రద్ధగా రాసిపెట్టడమే ఆయన చేసిన మహోపకారం.

మనకు కావలసింది చివరి అధ్యాయంలో ఉంది. ప్రదర్శన ఏ సమయంలో పెట్టాలి, సభను ఎలా తీర్చాలి, సభాపతిని ఎలా ఆహ్వానించాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఆట అయ్యాక నర్తకినీ వాద్యకారులనూ ఎలా సత్కరించాలి అన్న విషయాలన్నీ అందులో ఉన్నాయి. అంటే ఆడటం ఎంత విద్యో, చూడటమూ అంత పద్ధతి గల పనే అని ఆ సేనాని ఉద్దేశం.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి గమనించండి. గ్రంథం పూర్తయిన పదేళ్లలోపే, 1262లో, ఓరుగల్లు సింహాసనం రుద్రమదేవికి వచ్చింది. 1289 దాకా ఆమే పాలకురాలు. శాస్త్రం ప్రకారం సభ మధ్యన ఏలిక ఆసనం. ఆ ఆసనం మీద ఇరవై ఏడేళ్లు కూర్చునే హక్కున్నది ఒక స్త్రీ! శాస్త్రాలు రాసేటప్పుడు అంతఃపుర స్త్రీలను ఒక పక్కన కూర్చోబెట్టే ఆలోచనే చేశారు గాని, నడుమ కూర్చునేది ఆడదైతే ఏమిటన్నది ఎవరూ ఊహించి ఉండరు. ఊహించనిది మన ఊళ్లో జరిగింది.

కొలువు సంగతి అట్లా ఉండగా గుడి సంగతి చూడండి. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడికి వెళ్లినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. నల్లరాతి స్తంభాలు, వాటి మీద నర్తకులు, మద్దెలవాళ్లు, పైన చూరు కింద ఒంపు తిరిగి నిలబడ్డ మదనికలు! గర్భగుడి ముందున్న రంగమండపం దేవుడి ఎదుట ఆటపాటల సేవకు తీర్చిన చోటు. 2021 జూలైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడిది ములుగు జిల్లాలో ఉంది. ఈసారి వెళ్లినప్పుడు శిల్పాలను చూసి వచ్చేయకండి. మండపం అంచున ఒక్క నిమిషం కూర్చుని నడుమ ఉన్న చోటు వైపు చూడండి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ప్రేక్షకురాలు ఎక్కడినుంచి చూసి ఉంటుందో మీకే తోస్తుంది.

వీధిలో

కొలువూ గుడీ కాక మూడోది వీధి. పాలకుర్తి పేరును తన పేరులోనే పెట్టుకున్న సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలం యాత్రకు వచ్చిన జనం చూసిన ఆటలు వర్ణించాడు. నాటకాలు, బొమ్మలాటలు, రకరకాల పాటలు అన్నీ అందులో ఉన్నాయి. యాత్రకు ఇంటిల్లిపాదీ వెళ్తారు. కాబట్టి దేవుడి పేరు చెప్పుకునే ఆడవాళ్లు చాలా ఆటలు చూశారన్నమాట! ఇది మొన్న మొన్నటి దాకా మన ఇళ్లలోనూ ఉన్నదే. ‘ఆట చూడటానికి పోత’ అంటే వద్దనే అత్తగారు ‘జాతరకు పోత’ అంటే సద్ది కట్టి మరీ పంపేది.

కాకతీయుల తరువాతి కాలంలో వచ్చిన ‘క్రీడాభిరామం’ ఓరుగల్లు వీధుల్లో ఒక్క రోజు తిరిగి చూసిన ముచ్చట. దాన్ని వినుకొండ వల్లభరాయుడు రాశాడంటారు, శ్రీనాథుడిదన్న వాదమూ ఉంది. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఊరంతా తిరుగుతూ అన్నీ చూస్తారు. వాద్యం వాయిస్తూ దేవత కథ పాడుకుంటూ వచ్చే జక్కుల పురంధ్రి అందులో కనబడుతుంది. పట్టపగలు వీధిలో పాడే కళాకారిణి ఉన్నదంటే, గడపల్లో నిలబడి ఆమెను విన్న ఇల్లాళ్లు కూడా ఉండే ఉంటారు. చూసినట్టు చెప్పుకునే హక్కు మాత్రం కావ్యంలో ఇద్దరు మగవాళ్లకే వచ్చింది.

ఏది పోయింది, ఏది మిగిలింది

1323లో ఢిల్లీ సైన్యాల ముందు ఓరుగల్లు కోట పడిపోయింది. కొలువు చెదిరింది. పేరిణి క్రమంగా కనుమరుగైంది. రామప్ప స్తంభాల మీద భంగిమలు అలాగే ఉన్నాయి, జాయప గ్రంథం వ్రాతప్రతిలో ఉంది, ఆడేవాళ్లు మాత్రం లేరు. డాక్టర్ వి. రాఘవన్ గారు పరిష్కరించిన నృత్తరత్నావళి 1965లో మద్రాసులో అచ్చయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి తెలుగు అనువాదం 1969లో వచ్చింది. అంటే పుస్తకం పుట్టిన ఏడు వందల ఏళ్ల తరువాత గాని తెలుగువాళ్లు దాన్ని తెలుగులో చదవలేదు. నటరాజ రామకృష్ణ గారు (1923–2011) ఆ గ్రంథాన్నీ, రామప్ప శిల్పాలనూ దగ్గర పెట్టుకుని, ఏళ్ల తరబడి శ్రమపడి పేరిణి శివతాండవాన్ని మళ్లీ రంగం మీదికి తెచ్చారు. ఇవాళ మన పిల్లలు పేరిణి నేర్చుకుంటున్నారంటే ఆయన చలవే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. చిందు యక్షగానానికి గజసేనాని రాసిన గ్రంథం లేదు, నల్లరాతి శిల్పాలు లేవు. ఒగ్గు కథకూ లేవు. కోట కూలినా అవి కూలలేదు. కారణమేమిటి? నాకు తోచింది చెబుతాను. కొలువు కళకు ప్రేక్షకుడు రాజు. రాజు పోతే చోటే పోయింది. ఊరి కళకు ప్రేక్షకులు ఊరంతా. ఏటేటా పంట చేతికొచ్చాక ఆటగాళ్లు వస్తారు, ఊరు కూర్చుంటుంది. తల్లి ఒళ్లో నిద్రపోతూ సగం చూసిన పిల్ల, పెద్దయ్యాక తన పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని మిగతా సగం చూస్తుంది. అంతకంటే గట్టి గ్రంథం ఏముంటుంది!

వరంగల్‌కు దగ్గర్లోని ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి మొదలవుతుంది. రంగురంగుల పొడులతో పట్నం వేసి, ఒగ్గు వాయిస్తూ మల్లన్న కథ చెబుతారు. బోనమెత్తుకుని వచ్చిన ఆడవాళ్లు అక్కడే కూర్చుని వింటారు. కథ తెలియనిది కాదు, ఏటా విన్నదే. అయినా మల్లన్న కష్టపడ్డచోట కొంగుతో కళ్లొత్తుకుంటారు. పాత్ర దుఃఖిస్తే దుఃఖించేవాడే ప్రేక్షకుడని భరతుడు అన్నాడే, ఆ లక్షణం ఏ పుస్తకమూ చదవకుండానే వాళ్లకు పట్టుబడింది. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య గారు ఒగ్గు కథకు సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారంటే, ఆ గొంతు వెనక అలాంటి శ్రోతలు వేలమంది ఉన్నారు. అదే జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ ప్రకటించారు.

అయితే ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. చిందు ఆటను ఊరంతా మెచ్చుకున్నది గాని, ఆడినవాళ్లను ఊరి నడుమకు రానిచ్చింది తక్కువ. రాత్రి కృష్ణుడికి దండం పెట్టిన చేతులే తెల్లవారి కృష్ణ వేషం కట్టినవాణ్ని గడప బయట నిలబెట్టి గింజలు పోశాయి. చూసేవాళ్లలోనూ ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరు దూరంగా చెట్టు కింద అన్న లెక్కలుండేవి. మంచి ప్రేక్షకులమని మనం గర్వపడేటప్పుడు ఇదీ గుర్తుంచుకోవాలి. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ గారు మగవేషాలు కట్టి మెప్పించిన మహానటి. 2005లో పోయారు. ఆవిడ ఆటను మెచ్చుకున్నంతగా ఆవిడ బతుకును ఎంతమంది పట్టించుకున్నారు?

టిక్కెట్టు నాటకాల రోజులు

తరువాత నాటక కంపెనీల కాలం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచక వధ’తో మొదలైన సురభి నాటక కుటుంబం శాఖోపశాఖలై తెలుగు దేశమంతా తిరిగింది. ఒక ఊళ్లో మకాం వేస్తే రోజుకో నాటకం. మాయాబజారులో లడ్డూలు గాల్లో లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోవడం చూడటానికి మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లున్నారు. సురభిలో మరో విశేషం, ఆడ పాత్రలు ఆడవాళ్లే వేయడం. భార్యాభర్తలు, కూతుళ్లు, కోడళ్లు అంతా ఒక్క కుటుంబమే. తక్కిన రంగస్థలం మీద మగవాళ్లే చీర కట్టిన రోజులవి. స్థానం నరసింహారావు గారు (1902–1971) సత్యభామ వేషంలో నడిచి వస్తే ఆడవాళ్లే ఆశ్చర్యపోయేవారట. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మరి చూడవచ్చిన ఆడవాళ్లో? పట్టణ నాటకశాలల్లో వాళ్లకు వేరే చోటు, ఒక పక్కగా. పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అని అరిచే హక్కు మగవాళ్లదే. ఆడదాని మెప్పు పెదవి దాటేది కాదు. వరసగా రెండు నాటకాలు చూస్తే ‘నాటకాల పిచ్చి’ అనే పేరు. అదే మగవాడు పది చూస్తే ‘రసికుడు’! ఆ మాటకు స్త్రీలింగం మన ఇళ్లలో మంచి అర్థంతో వాడిందే లేదు. ఇటలీలో మిలాన్ నగరంలో 1778లో తెరిచిన లా స్కాలా ఆపెరా శాలలో అన్నిటికంటే పైన, తక్కువ ధర చోట్లుంటాయి. అక్కడ కూర్చునే నిత్య ప్రేక్షకులంటే ఎంత పెద్ద గాయకుడికైనా గుండె దడే. స్వరం తప్పితే అక్కడికక్కడే కేకలు వేస్తారు. చౌక టిక్కెట్టువాళ్ల తీర్పుకు అంత విలువ. మన ఆడవాళ్ల తీర్పు ఇంటికొచ్చాక, వంటింట్లో, తోడికోడలి చెవిలో చెప్పుకునేంత వరకే.

రేడియో వచ్చాక పరిస్థితి కొంత మారింది. 1935లో హైదరాబాదులో దక్కన్ రేడియో, 1948లో విజయవాడ కేంద్రం మొదలయ్యాయి. గడప దాటకుండానే యక్షగానాలు, సంగీత రూపకాలు ఇంట్లోకి వచ్చాయి. పప్పు రుబ్బుతూ విన్న ఇల్లాలు ఏ గాయని శ్రుతి తప్పిందో చెప్పగలిగేది. కాని వినడం ఒకటి, నలుగురిలో కూర్చుని చూడటం ఒకటి. పక్కావిడ నిట్టూర్పు వినబడితే మన నిట్టూర్పుకు బలం వస్తుంది.

ఇప్పుడు మనం

మన హనుమకొండకు ఆటల చోట్లు కరువు కాదు. పబ్లిక్ గార్డెన్స్‌లో మన ధ్వన్యనుకరణ సమ్రాట్టు పేరిట నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది. కాళోజీ శతజయంతి నాడు, 2014లో, శంకుస్థాపన జరిగిన కాళోజీ కళాక్షేత్రం పదేళ్ల తరువాత 2024 నవంబరులో తెరుచుకుంది. వేరే చోటు, పక్క చోటు అన్న నియమం ఇప్పుడు లేదు. ముందు వరసలో కూర్చున్నా ఎవరూ కాదనరు. మనల్ని ఆపేది పొద్దుటి టిఫిను, రాత్రి వంట, ‘చూసిందే కదా మళ్లీ ఎందుకు’ అన్న మాట.

చూసిందే మళ్లీ ఎందుకంటే చెబుతాను. భామాకలాపం మొదటిసారి చూసినప్పుడు కథ చూస్తాం. సత్యభామ అలిగింది, కృష్ణుడు రాలేదు, ఉత్తరం రాసింది. రెండోసారి పాట వింటాం. ఎక్కడ తాళం మారింది, ఎక్కడ గొంతు వణికింది తెలుస్తుంది. మూడోసారి గాని మనిషిని చూడం. తెర మీదుగా జడ వేసినప్పటి గర్వానికీ, లేఖ రాసేటప్పటి వేడుకోలుకూ మధ్య ఆ కళ్లలో జరిగే మార్పు అప్పుడు పట్టుబడుతుంది. ఒక్కసారి చూసినవాళ్లకు ఆట ఎలా ఉందో తెలుస్తుంది. పదిసార్లు చూసినవాళ్లకు నిరుటికంటే బాగుందో లేదో తెలుస్తుంది. ఆడేవాళ్లకు భయమూ గౌరవమూ ఈ రెండోవాళ్లంటేనే.

అందుకని నెలకు ఒక్క సాయంత్రం మీ కోసం అట్టిపెట్టుకోండి. పక్కింటి ఇద్దరితో ముందే మాట్లాడుకోండి, జట్టుగా వెళ్తే రాత్రిపూట తిరిగి రావడానికి భయం ఉండదు. వంట చేసి మూత పెట్టి, వడ్డించుకోవడం ఇంట్లోవాళ్లకు నేర్పండి. అదీ ఒక విద్యే. ఆడపిల్లనూ మగపిల్లవాణ్నీ ఇద్దర్నీ తీసుకెళ్లండి. ఆట అయ్యాక చప్పట్లు కొట్టి లేచి రాకండి. బాగుంటే వెనక్కి వెళ్లి మద్దెలాయనకు, పాటావిడకు కూడా ఆ మాట చెప్పండి. కళాకారులందర్నీ సత్కరించాలని జాయప సేనాని ఎప్పుడో రాశాడు. బాగా లేకపోతే అదీ మర్యాదగా చెప్పండి. టిక్కెట్టు ఉన్నచోట కొనుక్కునే వెళ్లండి.

కోట ఉన్నన్నాళ్లు పేరిణి ఉంది. మనుషులు కూర్చున్నన్నాళ్లు ఒగ్గు కథ ఉంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, మన పిల్లల కాలానికి ఏ ఆట మిగులుతుందన్నది చాలావరకు మనం ఎక్కడ కూర్చుంటామన్న దాని మీదే ఉందని నాకనిపిస్తుంది. మీరూ ఆలోచించండి.